వార్సిటీ జట్టులో ఉన్నా పరుగెత్తడానికే పిలుస్తున్నారు: కోచ్‌ను అడగవచ్చా?

రెండో బేస్ వాళ్ళమ్మ (జార్జియా):

అందరికీ నమస్కారం. మా పాప పదకొండో తరగతి. మేముండేది అట్లాంటాకు ఉత్తరాన. ఊరి పేరు, బడి పేరు రాయను. ఇక్కడ మనవాళ్ళలో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) ఆడే ఆడపిల్లలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పేరు రాస్తే ఈ ఆదివారం గుడిలోనే ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతారు.

మిగతా రాష్ట్రాల వాళ్ళకు ఒక మాట. జార్జియాలో హైస్కూల్ సాఫ్ట్‌బాల్ వసంతంలో ఆడరు. ఆగస్టులో బడి తెరిచేసరికే మ్యాచ్‌లు మొదలవుతాయి, అక్టోబరు చివరికల్లా దాదాపు అంతా అయిపోతుంది. కాబట్టి మేమిప్పుడు సీజన్ నడిమధ్యలో ఉన్నాం. సలహా కాస్త తొందరగా కావాలి.

పాప మొదటినుంచీ ఫీల్డింగ్ చేసేది రెండో బేస్ దగ్గర. విసిరేది కుడిచేత్తో, బ్యాటింగ్ మాత్రం ఎడమవైపు నిలబడి. బంతిని నేల మీదికి తట్టి, ఆ ఊపులోనే మొదటి బేస్ వైపు దూసుకుపోయే స్లాపర్. బడితో సంబంధం లేకుండా బయట ఆడే ట్రావెల్ జట్టులో అందరికంటే ముందు బ్యాటింగ్‌కు వెళ్ళేది తనే. బడిలో నిరుడు రెండో జట్టు, అంటే జూనియర్ వార్సిటీలో ప్రతి మ్యాచ్ ఆడింది. రెండో బేస్‌లో ఆడే సీనియర్ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది, ఈ ఏడాది మా పాపను వార్సిటీకి, అంటే బడి మొదటి జట్టుకు తీసుకున్నారు. ఇక ఆ చోటు మా పిల్లదే అనుకున్నాం. తీరా చూస్తే అక్కడ తొమ్మిదో తరగతి అమ్మాయిని నిలబెట్టారు. ఆ పిల్ల ఆడే ట్రావెల్ జట్టును నడిపేది ఎవరనుకున్నారు? మా బడి అసిస్టెంట్ కోచే. ఆ పిల్లను నేను తప్పు పట్టను, చక్కగా ఆడుతుంది. కానీ ఈ చుట్టరికం కంటికి కనబడుతుంటే ఏమీ అనుకోకుండా ఉండలేను కదా.

మా పాపకు దక్కిన పని ఇదీ: క్యాచర్ గానీ కొట్టి బేస్ మీదికి చేరితే, ఆమె బదులు వెళ్ళి పరుగెత్తి రావడం. మొన్నటి మ్యాచ్ చెబుతాను. ఆరో ఇన్నింగ్స్, స్కోరు సమానం. క్యాచర్ కొట్టిన బంతి కంచె దాకా వెళ్ళింది, ఆమె రెండో బేస్ చేరింది. డగౌట్ మెట్ల మీద మా పాప అప్పటికే హెల్మెట్ పట్టీ బిగించుకుని నిలబడి ఉంది. వెళ్ళింది. పిచర్ చేతిలోంచి బంతి వదిలీ వదలగానే మూడో బేస్ దొంగిలించింది. తరవాతి అమ్మాయి బంతిని ఎత్తుగా లేపితే, క్యాచ్ పట్టేదాకా ఆగి హోమ్ ప్లేట్‌కు దూకింది. గెలిపించిన పరుగు అదే. డగౌట్‌లో అందరూ అరచేతులు కొట్టారు. ఆ తరవాత పాప హెల్మెట్ తీసేసి, క్యాచర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కాలి గార్డుల కొక్కేలు బిగించింది. మళ్ళీ బెంచ్. స్కోర్లు చూపే గేమ్‌ఛేంజర్ యాప్‌లో ఆ రోజు తన పేరు పక్కన పరుగులు ఒకటి, బ్యాటింగ్ సున్నా. సీజన్ పొడుగునా ఇదే వరస.

మా వారు క్రికెట్ చూస్తూ పెరిగిన మనిషి. "పన్నెండో ఆటగాణ్ణయినా నీళ్ళు మోయమంటారు గానీ, గెలిపించి వచ్చాక బెంచ్ మీద కూర్చోమనరు" అని ఆయన వాదన. కోచ్‌కు ఈమెయిల్ రాసి సిద్ధంగా పెట్టుకున్నారు. పంపకుండా నేనే ఆపుతున్నాను. సీజన్ మొదట్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టి మా అందరి చేత ఒక కాగితం మీద సంతకం చేయించారు. ఎవరిని ఎంతసేపు ఆడించాలి, వ్యూహం ఏమిటి, పక్కపిల్లల సంగతేమిటి, ఈ మూడూ కోచ్ మాట్లాడరట. మరి మిగిలిందేమిటి? మ్యాచ్ దగ్గర తినుబండారాలు అమ్మే కాన్సెషన్ స్టాండ్‌లో నా వంతు ఎప్పుడన్నది మాత్రం చక్కగా మాట్లాడతారు. గుడ్డు కూడా ముట్టని మనిషిని, ఆ పిల్లల కోసం హాట్‌డాగులు అమ్ముతూ నిలబడుతున్నాను.

ఇంకో దిగులు కూడా ఉంది. పైస్థాయి పోటీలాడే డివిజన్ వన్ కాలేజీల కోచ్‌లు పదకొండో తరగతిలో సెప్టెంబరు 1 నుంచే పిల్లలతో మాట్లాడవచ్చట. ఆ తారీఖు దాటిపోయింది, ఎవరూ పలకరించలేదు. బెంచ్ మీద కూర్చోబెట్టడం వల్లేనా?

సంతకం పెట్టాం కాబట్టి నోరు మూసుకోవాలా? బడిలో ఆటలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గరికి వెళ్ళవచ్చా? బడి జట్టు మానేసి ట్రావెల్ మాత్రమే ఆడిస్తే నష్టం ఉందా? పాప మాత్రం మానను అంటోంది. రాష్ట్ర ఫైనల్స్ కొలంబస్‌లో జరుగుతాయి. 1996లో ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి సాఫ్ట్‌బాల్ పెట్టినప్పుడు ఆ పోటీలు కూడా ఆ ఊళ్ళోనే గోల్డెన్ పార్క్‌లో జరిగాయి. ఒక్కసారైనా జట్టుతో అక్కడికి వెళ్ళాలని దాని పట్టుదల.

పన్ను కట్టేవాడు (టెక్సాస్):

ఆ కాగితానికి కోర్టులో విలువేమీ ఉండదండీ, భయపడకండి. గేమ్‌ఛేంజర్‌లో అంకెలన్నీ తీసి పట్టిక వేయండి. మీ అమ్మాయి ఎన్ని ఇన్నింగ్స్, ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి ఎన్ని, ఎవరి బ్యాటింగ్ సగటు ఎంత. అది కోచ్‌కు, అథ్లెటిక్ డైరెక్టర్‌కు, ప్రిన్సిపాల్‌కు ఒకేసారి పంపండి. జవాబు రాకపోతే స్కూల్ బోర్డు సమావేశంలో మూడు నిమిషాలు మైకు ఇస్తారు, అక్కడ మాట్లాడండి. మనవాళ్ళు పన్నులు కడతారు, విరాళాలిస్తారు, కాన్సెషన్లో నిలబడతారు, అడగాల్సిన చోట మాత్రం "ఎందుకులే" అంటారు. అందుకే మన పిల్లలు బెంచ్ మీద ఉంటున్నారు. అసిస్టెంట్ కోచ్ సొంత ట్రావెల్ జట్టు నడుపుతూ, ఆ జట్టు పిల్లనే ఇక్కడ దింపుతున్నాడంటే ఇంక దాచేదేముంది?

స్కోరు పుస్తకం (నార్త్ కరోలినా):

పై మిత్రుడి ఆవేశం అర్థమవుతోంది గానీ, అమ్మా, ఆ పట్టిక మాత్రం పంపకండి. పంపే ముందు మీరు రాసిన దాంట్లోనే ఒక సంగతి ఉంది, అది చూడాలి.

నేను మా అమ్మాయి జట్టుకు స్కోరు పుస్తకం రాస్తాను. యాప్ వచ్చాక కూడా అంపైర్ల ముందు చెల్లేది పెన్సిల్‌తో రాసిన పుస్తకమే మా దగ్గర. బడి ఆటలో బెంచ్‌ను గురించి నేను నేర్చుకున్నదంతా ఆ గళ్ళలోంచే. మీ పాప పేరు పక్కన స్కోరర్ "సీఆర్" అని రాస్తున్నాడా? కర్టసీ రన్నర్ అని. అదే మీ పిల్లకు అడ్డుపడుతోందని నా అనుమానం.

చెబుతాను వినండి. పిచర్‌కో క్యాచర్‌కో బదులు బెంచ్ మీది అమ్మాయి పరుగెత్తవచ్చు, అసలు ఆటగత్తె ఆటలోంచి తప్పుకోవాల్సిన పని లేదు. మూడో అవుట్ పడేటప్పటికి క్యాచర్ బేస్ మీద ఉంటే, ఆమె పరుగెత్తుకొచ్చి కాళ్ళ గార్డులు, ఛాతీ కవచం, ముసుగు తొడుక్కునేదాకా అందరూ ఎదురుచూడాలి. ఆ ఆలస్యం తప్పించడానికి పెట్టిన వెసులుబాటు ఇది. క్రికెట్‌లో బ్యాటర్‌కు గాయమైతే ఇచ్చే రన్నర్‌ను అంతర్జాతీయ మ్యాచ్‌లలో 2011లోనే తీసేశారు కదా, ఇక్కడ గాయం లేకున్నా ఇస్తారు. అయితే దీనికి రెండు షరతులున్నాయి. ఆ రోజు ఆటలో వేరే ఏ హోదాలోనైనా దిగిన అమ్మాయి కర్టసీ రన్నర్‌గా పనికిరాదు. ఒకే అమ్మాయి పిచర్‌కూ క్యాచర్‌కూ ఇద్దరికీ పరుగెత్తకూడదు.

మొదటి షరతును మీ పాప పక్కన పెట్టి చూడండి. కోచ్ తనను రెండో ఇన్నింగ్స్‌లో రెండో బేస్‌కు పంపాడనుకుందాం. ఆ క్షణం నుంచి ఆ మ్యాచ్ ముగిసేదాకా తను కర్టసీ రన్నర్ కాలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో స్కోరు సమానంగా ఉండి క్యాచర్ రెండో బేస్ మీదికి చేరినప్పుడు ఆయన చేతిలో ఆ కాళ్ళు ఉండవు. మీరు చెప్పిన మ్యాచ్‌లో గెలిపించిన పరుగు అలాగే వచ్చింది. ఆ పరుగు చూశాక ఏ కోచయినా ఏమనుకుంటాడు? "ఈ పిల్లను చివరిదాకా దాచుకోవాలి" అనుకుంటాడు. మీ పాప చేతగానిదై బెంచ్ మీద లేదు. పరుగు బాగా తీస్తోంది కాబట్టే అక్కడ ఉంది. చాలా జట్లలో వేగమున్న పిల్లలకు పడే శిక్ష ఇది, తల్లిదండ్రులకు కనబడదు.

ఈ ఆటలో పరుగులు అంత సులభంగా రావు మరి. పిచింగ్ దూరం 43 అడుగులు. గంటకు 60 మైళ్ళ వేగంతో వేసే పిచర్ ఎదురైతే, బంతి చేతిలోంచి వదిలాక అరసెకను కూడా ఉండదు. ఒకటి రెండు పరుగులతో తేలిపోయే మ్యాచ్‌లు ఎన్నో. అలాంటి చోట దొంగిలించిన ఒక్క బేస్‌కు కోచ్ ఎంత విలువ కడతాడో ఊహించుకోండి. తేడా ఎక్కువైన రోజున బెంచ్‌కు అవకాశం వస్తుందనుకుంటామా, పది పరుగుల ఆధిక్యం ఉంటే ఐదు ఇన్నింగ్స్‌తోనే ముగించే నియమం చాలా రాష్ట్రాల్లో ఉంది. బెంచ్ పిల్లలు గ్లౌజ్ తొడుక్కునేలోపు చేతులు కలిపేసి బస్సెక్కుతారు.

అంతమాత్రాన మీ కోచ్‌ను వెనకేసుకు రావడం లేదు. మొదట దిగిన ఆటగత్తెను బయటికి తీసి, తరవాత ఆమెను ఒకసారి అదే బ్యాటింగ్ వరుసలో తిరిగి దింపవచ్చని నియమం చెబుతోంది. అంటే ఆ తొమ్మిదో తరగతి అమ్మాయికి రెండు ఇన్నింగ్స్ విరామమిచ్చి మీ పాపను ఆడించి, మళ్ళీ ఆమెనే తెచ్చుకోవచ్చు. తేలికగా గెలిచే మ్యాచ్‌లలో కూడా ఈ పని చేయలేదంటే అది బద్ధకం. దానికి నియమాన్ని సాకుగా చెప్పడం కుదరదు.

ఇంకొకటి. యాప్‌లో బ్యాటింగ్ వరుస తెరిచి పదో పేరు ఉందేమో చూడండి. ఉంటే డీపీ (డెసిగ్నేటెడ్ ప్లేయర్), ఫ్లెక్స్ వాడుతున్నారన్నమాట. ఫ్లెక్స్ అనే అమ్మాయి ఫీల్డింగ్ మాత్రమే చేస్తుంది, ఆమె బదులు డీపీ బ్యాటింగ్ చేస్తుంది. చాలామంది తల్లిదండ్రులు పిచర్ ఎందుకు బ్యాటింగ్‌కు రావడం లేదని నా చెవిలో అడుగుతుంటారు, జవాబు ఇదే. మీ జట్టులో ఫ్లెక్స్ ఎవరు? ఆ తొమ్మిదో తరగతి అమ్మాయే అయితే, ఆమె చేతులు నచ్చాయి గానీ బ్యాట్ నచ్చలేదని కోచ్ ఒప్పుకున్నట్టే. అప్పుడు మీ పాప డీపీగా దిగే ప్రయత్నం చేయవచ్చు. పదో పేరే లేకపోతే, కోచ్‌కు ఆ ఆలోచన ఇంకా రాలేదేమో.

ఇక అడగడం సంగతి. మీరు సంతకం పెట్టింది మీరు అడగకూడదని. పాప అడగకూడదని ఏ కాగితంలోనూ ఉండదు, చదివి చూడండి. మ్యాచ్ రోజు వద్దు. ప్రాక్టీసుకు ముందు, తనంతట తనే, ఇద్దరే ఉన్నప్పుడు కూడా కాదు, అసిస్టెంట్ కూడా వినేటట్టు అడగాలి. "నన్నెందుకు ఆడించడం లేదు" అన్న ప్రశ్నకు ఏ కోచ్ దగ్గరైనా తయారు జవాబు ఉంటుంది. "క్యాచర్‌కు పరుగెత్తడానికి ఇంకెవరినైనా తయారు చేస్తే నన్ను మొదటి తొమ్మిది మందిలో చూస్తారా? చూడాలంటే నాలో ఏం మారాలి?" అన్నదానికి ఆయన ఆలోచించి చెప్పక తప్పదు. కుదిరితే ఆ ఇంకెవరో అమ్మాయి పేరు కూడా పాపే చెప్పాలి.

సెప్టెంబరు 1 గురించి దిగులు పడకండి. ఆ రోజు ఫోను మోగేది ముందే కన్నేసి ఉంచిన కొద్దిమందికి. కాలేజీ వాళ్ళు పిల్లలను చూసేది ఎక్కువగా ట్రావెల్ టోర్నమెంట్లలో. అక్కడ మీ పాప మొదట బ్యాటింగ్ చేస్తోంది కదా. తనే కాలేజీ కోచ్‌లకు రాయాలి, స్లాప్ వీడియో, మొదటి బేస్ చేరే సమయం జత చేసి. డివిజన్ త్రీ కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వవు గానీ, పన్నెండో తరగతిలో కూడా పిల్లలను చూస్తూనే ఉంటాయి.

లెఫ్ట్ ఫీల్డ్ లక్ష్మి (న్యూజెర్సీ):

ఒక్క విషయం కలుపుతాను. ఎవరిని ఎంతసేపు ఆడించాలన్నది తీసుకుని అథ్లెటిక్ డైరెక్టర్ దగ్గరికి వెళితే ఆయన తలుపు దగ్గరే "అది కోచ్ నిర్ణయం" అంటాడు. మేం వెళ్ళాం కాబట్టి తెలుసు. అదే ఆఫీసులో వేరే సంగతి తీసుకువెళితే కుర్చీ వేశారు.

మా బడిలో మగపిల్లల బేస్‌బాల్ మైదానానికి లైట్లు, కప్పు ఉన్న బ్యాటింగ్ కేజ్, వెలిగే స్కోరుబోర్డు ఉన్నాయి. ఆడపిల్లల మైదానంలో అంకెల పలకలు చేత్తో తగిలించేవాళ్ళం. లైట్లు లేవని మ్యాచ్‌లన్నీ సాయంత్రం నాలుగింటికే, కాబట్టి ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులు ఏ మ్యాచూ పూర్తిగా చూసింది లేదు. అడిగితే "అవి బేస్‌బాల్ బూస్టర్ క్లబ్ (ఆ జట్టు కోసం విరాళాలు పోగుచేసే సంఘం) డబ్బుతో కట్టుకున్నవి" అన్నారు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కింద ఆ జవాబు చెల్లదు. డబ్బు ఎవరిదైనా సరే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ దొరికే సౌకర్యాలలో సమానత చూడాల్సిన బాధ్యత బడిది. మైదానం, సామగ్రి, ప్రాక్టీసు వేళలు, దుస్తులు మార్చుకునే గది, ప్రయాణం, అన్నీ ఇందులోకి వస్తాయి. ప్రతి జిల్లాలో టైటిల్ నైన్ కోఆర్డినేటర్ అని ఒకరు ఉండి తీరాలి, వాళ్ళ పేరు వెబ్‌సైట్‌లో ఉంటుంది. మేం ఫోటోలు పక్కపక్కన పెట్టి ఆవిడకు రాశాం. స్కోరుబోర్డు వచ్చింది. లైట్లు ఇంకా రాలేదు, వదలం.

ఇదంతా ఎందుకంటే, మీకున్న కోపం వృథా కాకూడదని. అసిస్టెంట్ కోచ్ విషయం కూడా ఆట సమయంగా అడగకండి. బడి కోచ్ తన జట్టు పిల్లల దగ్గర డబ్బు తీసుకుని బయట శిక్షణ ఇవ్వవచ్చా, ట్రావెల్ జట్టు నడపవచ్చా అన్నదానికి మీ జిల్లాలో లిఖిత నియమం ఉందేమో అడగండి. ఎవరి పేరూ ఎత్తకుండా నియమం కాపీ అడగడం మీ హక్కు.

డగౌట్‌లో మూడోవాడు (ఇల్లినాయి):

నేను జూనియర్ వార్సిటీకి సహాయ కోచ్‌ను. పగలు లెక్కల టీచర్ని. దీనికి వాళ్ళిచ్చేది టీచరు జీతం మీద ఓ చిన్న మొత్తం, దాన్ని గంటలతో భాగిస్తే నవ్వొస్తుంది, కాబట్టి డబ్బు కోసం ఎవరూ చేయరు.

స్కోరు పుస్తకం గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పరుగు కోసం పెట్టుకున్న అమ్మాయిని దింపడానికి చేయి రాదు. ఇంతకంటే సిగ్గుపడాల్సిన నిజం ఒకటుంది: ఆ అమ్మాయి సణగదు, కొక్కేలు బిగిస్తుంది, పిచర్‌కు వార్మప్ బంతులు పడుతుంది. సణగని పిల్లను బెంచ్ మీద మరిచిపోవడం ఏ కోచ్‌కైనా సులభం. అందుకని అడగాలి. వినయంగానే, కానీ అడగాలి.

ట్రావెల్ చుట్టరికం గురించి మాత్రం నాకు వేరే అభిప్రాయం ఉంది. అది పక్షపాతం కాదని అనను. అయితే అది మీరనుకునే రూపంలో ఉండకపోవచ్చు. ఆ పిల్ల అడుగులు ఎలా వేస్తుందో అసిస్టెంట్‌కు వేసవంతా చూసి తెలుసు. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ నుంచి బంతి అందుకుని, బేస్ తొక్కి, మీదికి జారుకుంటూ వచ్చే రన్నర్‌ను తప్పించుకుని మొదటి బేస్‌కు తిప్పి విసరడం రెండో బేస్‌లో అన్నిటికంటే కష్టమైన పని. తెలిసిన చేతుల మీద కోచ్‌లు మొగ్గుతారు. మీ పాపను ఆ పనిలో ఎవరూ చూడలేదేమో. ప్రాక్టీసు తరవాత పది నిమిషాలు షార్ట్‌స్టాప్‌ను ఆగమని, అసిస్టెంట్ కళ్ళ ముందే ఆ మలుపు సాధన చేయమనండి.

మీ వారి ఈమెయిల్ పంపకండి. పంపితే ఏం జరుగుతుందో చెబుతాను. కోచ్ దాన్ని డైరెక్టర్‌కు పంపుతాడు, డైరెక్టర్ "మాట్లాడేటప్పుడు నేనూ ఉంటాను" అంటాడు. ఆ రోజు నుంచి మీ పాపతో కోచ్ మాట్లాడే ప్రతి మాటా ఆచితూచి ఉంటుంది. తనకు కావలసింది ఆ సూటి మాటలే కదా.

పన్ను కట్టేవాడు (టెక్సాస్):

అంటే పిల్ల అడగాలి, తల్లిదండ్రులు మైదానం లైట్ల గురించి అడగాలి, కోచ్ మాత్రం ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. బాగుంది.

డగౌట్‌లో మూడోవాడు (ఇల్లినాయి):

చెప్పాలండీ. పిల్లకు చెప్పాలి. సీజన్ మొదట్లోనే ఒక్కొక్కరినీ పిలిచి "ఈ జట్టులో నీ పని ఇది, ఇంకా కావాలంటే ఇవి చూపించు" అని చెప్పని కోచ్ తన పని సగమే చేసినట్టు. మా పెద్ద కోచ్ కూడా చెప్పడు, నేనే చెప్పిస్తుంటాను. తల్లిదండ్రులకు లెక్క చెప్పడం మొదలుపెడితే మాత్రం ప్రతి ఇంటికీ వేరే జట్టు కావాలి.

రెండో బేస్ వాళ్ళమ్మ (జార్జియా):

అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినవన్నీ పాపకు చదివి వినిపించాను. కర్టసీ రన్నర్ షరతు దానికి ముందే తెలుసట! "నాకు తెలుసమ్మా, అందుకే నన్ను వాడుకుంటున్నారు" అంది. తెలిసి నాతో ఎందుకు చెప్పలేదే అంటే, "చెబితే నాన్న ఇంకో ఈమెయిల్ రాస్తారని" అంది. మా వారు పక్కనే ఉన్నారు, విని ఊరుకున్నారు.

యాప్‌లో పదో పేరు ఉంది. ఫ్లెక్స్ పిచరే, ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కాదు. డీపీగా దిగేది ఒక సీనియర్, బలంగా కొడుతుంది గానీ పరుగు తక్కువ.

నిన్న ప్రాక్టీసుకు ముందు పాప వెళ్ళి అడిగింది. అసిస్టెంట్ కూడా అక్కడే ఉన్నాడట. క్యాచర్‌కు పరుగెత్తడానికి పదో తరగతి అమ్మాయి ఒకరి పేరు తనే చెప్పింది, ట్రాక్‌లో పరుగు పందేలకు వెళ్ళే పిల్ల. కోచ్ కాసేపు ఆలోచించి, రెండో బేస్ ఈ సీజన్‌కు మార్చనని మొహం మీదే చెప్పారట, కారణం కూడా మూడోవాడు గారు చెప్పిన ఆ మలుపే. కానీ లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడే అమ్మాయికి బ్యాటింగ్ సరిగా సాగడం లేదు, అక్కడ ఎప్పుడైనా ఆడావా అని అడిగారు. ఆడలేదు. రేపటి నుంచి ఔట్‌ఫీల్డ్ వాళ్ళతో ప్రాక్టీసు చెయ్యి, రీజియన్ (మా ప్రాంతం బడుల పోటీ) లెక్కలోకి రాని మ్యాచ్‌లు ఇంకా ఉన్నాయి, వాటిలో మొదటినుంచీ దింపి చూస్తాను, ట్రాక్ పిల్లను కూడా ఆ రోజుల్లోనే పరీక్షిస్తాను అన్నారట. రీజియన్ మ్యాచ్‌లలో మాత్రం ఇప్పటిలాగే పరుగు కోసం బెంచ్ మీదే.

మా వారికి ఇది నచ్చలేదు. సగం రొట్టె అంటున్నారు. పాప మాత్రం రాత్రి గ్యారేజీలో ఔట్‌ఫీల్డ్ గ్లౌజ్ వెతుకుతోంది. రెండో బేస్ గ్లౌజ్ చిన్నది, పనికిరాదట. లక్ష్మి గారూ, నియమం కాపీ కోసం జిల్లా ఆఫీసుకు రాశాను, ఇంకా జవాబు లేదు.

ఇప్పుడు నా ప్రశ్న ఇది. ఎడమచేతి బ్యాటర్లు కొట్టే బంతులు లెఫ్ట్ ఫీల్డ్‌కు వంకర తిరుగుతూ వస్తాయంటున్నారు. ఇన్నాళ్ళూ ఇన్‌ఫీల్డ్‌లో నేల బంతులు పట్టిన పిల్లకు మొదటి వారం ఏం నేర్పాలి?

లెఫ్ట్ ఫీల్డ్ లక్ష్మి (న్యూజెర్సీ):

అది మా అమ్మాయి స్థానమే. మొదట వెనకడుగు నేర్పండి. ఇన్‌ఫీల్డ్ పిల్లలందరికీ బ్యాట్ శబ్దం వినగానే ముందుకు దూకే అలవాటు ఉంటుంది, బంతి తల మీదుగా వెళ్ళిపోతుంది. శబ్దం వినగానే మొదటి అడుగు వెనక్కి వేసి, చూసుకుని ముందుకు రావడం తేలిక. ఎడమచేతి వాళ్ళు ఆలస్యంగా తగిలించిన బంతులు పక్క గీత వైపు ఒరిగిపోతాయి, కాబట్టి అలాంటి బ్యాటర్ వచ్చినప్పుడు రెండడుగులు గీత వైపు జరిగి నిలబడమనండి. తను కూడా స్లాపరే కదా, తను కొట్టిన బంతి ఎటు పోతుందో తనకే బాగా తెలుస్తుంది. మీ వారికి ఒక ఫంగో బ్యాట్ కొనివ్వండి. సాయంత్రం బంతులు ఎత్తుగా కొట్టిపెట్టే పని ఆయనకు అప్పగిస్తే ఈమెయిల్ రాసే తీరిక ఉండదు.